అవార్డులు సరే, గద్దర్ క్యాసెట్ల మాటేమిటి?

సంపాదకులకు,

నంది అవార్డుల స్థానంలో తెలంగాణ ప్రభుత్వం ప్రజాగాయకుడు గద్దర్ పేరిట సినిమా అవార్డులు పెట్టి, 2025 జూన్‌లో ఇచ్చింది. ‘ఒరేయ్ రిక్షా’ (1995) పాటకు వచ్చిన నందిని వద్దన్న మనిషి పేరే నందికి బదులు రావడం విచిత్రమే. దాన్ని అలా ఉంచుదాం. ఆయన పేరిట చేయాల్సిన అసలు పని ఇంకా మొదలుకావాలి. సభల్లో జనం రికార్డు చేసుకున్న గద్దర్ క్యాసెట్లు ఇళ్ల అటకల మీద, సంఘాల ఆఫీసుల బీరువాల్లో చెడిపోతున్నాయి. వాటిని సర్కారు ఖర్చుతో సేకరించి భద్రపరచాలి.

సినిమాల్లో గద్దర్ పాడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు (గద్దర్ అసలు పేరు ఇదే) కెనరా బ్యాంకు గుమాస్తా ఉద్యోగం వదిలి విప్లవ సాంస్కృతిక బృందం జననాట్యమండలికే అంకితమయ్యారు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ జనం ముందుకొచ్చేదాకా ఊళ్లకు ఆయన గొంతును మోసింది ఎక్కువగా క్యాసెట్లే. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే మిగిలిపోయింది. తర్వాత తెలంగాణ ఉద్యమం, అంబేడ్కర్ వైపు మొగ్గు, 2018లో జీవితంలో మొదటి ఓటు. ఈ మార్పంతా ఎక్కడ నమోదైందంటే పాటల మధ్య ఆయన చెప్పిన మాటల్లో. చరణం మధ్యలో ఆపి, ఆ ఊరి సంగతి ఎత్తుకుని, అక్కడికక్కడే పంక్తి మార్చి పాడేవారు. కాబట్టి ఒకే పాట ఉన్న రెండు క్యాసెట్లు నకళ్లు కావు. ‘ఇది మన దగ్గర ఉందిగా’ అని రెండోదాన్ని పక్కన పడేయడం, ‘ఇది పాట కాదుగా’ అని మాటను కత్తిరించడం, ఈ రెండూ చేయకూడని పనులు.

టేప్ రికార్డర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఓ వైరు తగిలిస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. చెడేది అక్కడే. రీలును హెడ్‌కు అదిమిపట్టే చిన్న ఫెల్టు ముక్క ఒకటి క్యాసెట్‌లో ఉంటుంది (హెడ్ అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగం). జిగురు ఎండి అది ఊడిపోతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు రీలును మరలున్న కొత్త డబ్బాలోకి మార్చాలి. తర్వాత చూడాల్సింది హెడ్ కోణం. రికార్డు చేసిన మిషన్ హెడ్డుకూ ఇప్పుడు వినే మిషన్ హెడ్డుకూ వాలులో వెంట్రుకవాసి తేడా ఉన్నా గజ్జెల చప్పుడు, డప్పు మీద సిటికెన పుల్ల దెబ్బ మొద్దుబారిపోతాయి. అందుకే ప్రతి క్యాసెట్‌కూ హెడ్ స్క్రూ తిప్పి, సన్నని శబ్దాలు బాగా తేలే చోట ఆపాలి. మొదటి క్యాసెట్‌కు సరిచేసి, మిగతావన్నీ అలాగే ఎక్కించేస్తుంటారు. దాంతో పని మొత్తం వృథా.

సభల రికార్డింగులకు ఇంకో తిప్పలుంది. బ్యాటరీలు అయిపోతున్నకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది. అలా ఎక్కిన టేపును ఇప్పుడు మామూలు వేగంతో, అంటే సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున తిప్పితే చివరికొచ్చేసరికి గొంతు పీలగా, హడావిడిగా వినిపిస్తుంది. వెనక మైకుసెట్టు కరెంటు హోరు గనక పడి ఉంటే, అది 50 హెర్ట్జ్ అన్న లెక్కతో వేగం సరిచేయొచ్చు. అయితే ఏ సవరణైనా కాపీలోనే. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ రొదతోపాటు చప్పట్లనూ, జనం అందుకున్న కోరస్‌నూ తినేస్తుంది. కాబట్టి అసలు ఫైలు జోలికి పోకూడదు.

ఆ అసలు ఫైలు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్‌గా ఉండాలి. గంటకు సుమారు 2 గిగాబైట్లు. వెయ్యి సి-60 (గంట నిడివి) క్యాసెట్లు వచ్చినా సుమారు 2 టెరాబైట్లే. మూడు కాపీలు చేసి ఒకటి వేరే ఊళ్లో పెట్టినా డిస్కుల ఖర్చు పెద్దది కాదు. ఖర్చంతా మనుషుల సమయానిదే. గంట క్యాసెట్‌ను గంటసేపు వినాల్సిందే, శుభ్రం చేయడానికీ వివరాలు రాయడానికీ మరింత సమయం కావాలి. యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అంటారు. ఆ ఖాతా మూతపడితే ఏం మిగులుతుంది?

వివరాల్లో పేర్లు ముఖ్యం. గద్దర్ పాడినవన్నీ గద్దర్ రాసినవి కావు. ‘ఊరు మనదిరా’ గూడ అంజయ్యది. ‘మా భూమి’లో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ సాయుధ పోరాట కాలపు కవి యాదగిరిది. ‘ఏం పిల్లడో’ వంగపండు ప్రసాదరావుది. పాట ఎవరిదో, డప్పు ఎవరిదో, కోరస్‌లో ఎవరున్నారో చెప్పగలిగేవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లను కూర్చోబెట్టి వినిపిస్తూ రాసుకోవాలి, ఆలస్యమైతే ఆ వీలు కూడా ఉండదు.

చట్టం అడ్డొస్తుందన్న మాట సగమే నిజం. గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించారు కనుక ఆయన రచనల మీద కాపీరైట్ 2083 చివరిదాకా ఉంటుంది. ప్రజలకు అందుబాటులో పెట్టాలంటే వారసుల అనుమతి తప్పనిసరి. అయితే లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవడానికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వీలిచ్చింది. అంటే సేకరణ, నిల్వ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. పని దానికి అప్పగించి, ఒక ఇంజినీరునూ ఇద్దరు సహాయకులనూ ఇస్తే చాలు. పైన పేరు రాసుకోవడానికే జనం భయపడిన కాలం నాటి క్యాసెట్లివి. తెచ్చిచ్చినవాళ్ల పేరు అడగకుండానే తీసుకోవాలి.

ఈలోగా అవి ఇంట్లో ఉన్నవాళ్లు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలను విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వేసి చూడొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటి, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. విడిగా కవర్లో పెట్టి, తడి తగలని చోట, స్పీకర్లకు దూరంగా ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు