మన సంఘం వార్షిక నివేదిక: ముందు వినడం, తర్వాతే చందా

సభ్యులందరికీ నమస్కారం.

పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ మద్దతిచ్చే మన సంఘం ఈ సంవత్సరం ఏం చేసిందీ, ఎందుకు చేసిందీ చెప్పే నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక ఆడిట్ అయ్యాక విడిగా అందరికీ పంపించాం కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్ళీ రాయట్లేదు, పని గురించే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, జనరల్ బాడీలో మీరు ఓటు వేయాల్సిన రెండు విషయాలు చివర్లో ఉన్నాయి.

పోయిన జనరల్ బాడీలో మనం ఒక పద్ధతి మార్చుకున్నాం, గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏ ఆర్టిస్ట్ అయినా ఆల్బమ్ కోసం క్రౌడ్‌ఫండింగ్ క్యాంపెయిన్ (ఆన్‌లైన్‌లో చాలామంది దగ్గర తలా కొంత చందా పోగుచేయడం) పెడితే ఆ లింక్ గ్రూపులో వేసి "మీకు తోచినంత ఇవ్వండి" అని అడిగేవాళ్ళం, కొంతమంది ఇచ్చేవాళ్ళు, చాలామంది చూసి వదిలేసేవాళ్ళు, అందులో వాళ్ళ తప్పేం లేదు, ముక్కూ మొహం తెలియని మనిషి పాట కోసం ఎవరైనా ఎందుకు డబ్బులిస్తారు. ఈ ఏడాది నుంచి ముందు హౌస్ కాన్సర్ట్, అంటే ఇంట్లో పెట్టే కచేరీ, తర్వాతే చందా. మనవాళ్ళ ఇంట్లో, మనవాళ్ళ ఎదురుగా కూర్చుని ఒక్కసారైనా పాడిన లేదా వాయించిన ఆర్టిస్ట్ క్యాంపెయిన్‌కే సంఘం తరఫున మద్దతు. ఏడాదంతా చూశాక గట్టిగా చెప్పగలను, ఈ ఒక్క మార్పు చాలా మార్చింది. విన్నవాళ్ళు ఇస్తున్నారు, ఇచ్చినవాళ్ళు ఆల్బమ్ లేటైనా విసుక్కోకుండా ఆగుతున్నారు, వచ్చాక మొదటి ట్రాక్ నుంచి చివరిదాకా వింటున్నారు కూడా, అదే కదా మనకి కావాల్సింది.

అసలు ఇదంతా అవసరమా, పాటలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా అని కొత్తగా చేరిన సభ్యులు కొందరు అడిగారు. దొరుకుతున్నాయి, కానీ పాడినవాళ్ళకి ఏం చేరుతోందో చూడండి. 2024 నుంచి స్పాటిఫై అనే పాటల యాప్‌లో ఒక పాట ఏడాదిలో కనీసం 1,000 సార్లు ప్లే అవ్వకపోతే ఆ పాట రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. అది దాటినా ఒక్కో ప్లేకి వచ్చేది చాలా చాలా తక్కువ. వెనక కంపెనీ లేని ఆర్టిస్ట్‌కి ఒక హాల్లో ముప్ఫై మంది కూర్చుని విని తలా కొంత ఇస్తే వచ్చేది కొన్ని వేల ప్లేల కంటే ఎక్కువ, పైగా అది ఆ రాత్రే చేతికొస్తుంది.

ఇక కచేరీల సంగతి. ఈ సంవత్సరం పని ఎక్కువగా ఇక్కడే జరిగింది కాబట్టి ఎక్కువ రాసేది కూడా దీని గురించే.

ఎవరైనా ఇల్లు ఇస్తాం అంటే మన వాలంటీర్లు ముందే వెళ్ళి హాల్ మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టి చూస్తారు. చప్పుడు గోడల మధ్య ఖంగుమని తిరుగుతుంటే కింద జంపఖానాలో రగ్గులో పరవాలి, పాడేవాళ్ళ వెనక మందం కర్టెన్ ఉంటే ఇంకా మంచిది, జనం వచ్చి కూర్చున్నాక కొంత ఎకో దానంతటదే తగ్గుతుంది ఎందుకంటే మనుషులూ బట్టలూ కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. తర్వాత మోత పెట్టేవన్నీ వెతుకుతారు, ఏసీ, ఫ్యాన్, ముఖ్యంగా ఫ్రిజ్. మైక్ లేకుండా చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) మెల్లగా వాయిస్తుంటే ఫ్రిజ్ గుంయ్‌మనే శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. ఫ్రిజ్ ఆపితే మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోతాం కాబట్టి రికార్డింగ్ పని చేసేవాళ్ళు తమ బండి తాళాలు అందులోనే పెట్టుకుంటారు, తాళాల కోసం వెళ్ళినప్పుడు ఆన్ చేసేస్తారు, మనమూ అదే పాటిస్తున్నాం. గుమ్మం ఆడియన్స్ వెనక వైపు ఉండేలా కుర్చీలు వేస్తాం, లేటుగా వచ్చినవాళ్ళు పాడేవాళ్ళ ముందునుంచి నడిచే పని ఉండకూడదు. చిన్నపిల్లలు ముందు వరుసలో కిందే కూర్చుంటారు, వాళ్ళని ఎవరూ వెనక్కి పంపొద్దని మా మనవి, ఈ ఏడాది బాగా విన్నవాళ్ళలో వాళ్ళే ముందున్నారు.

కచేరీ రెండు భాగాలు, ఒక్కోటి ముప్పావు గంట, మధ్యలో విరామం. ఈ విరామాన్ని తక్కువగా చూడకండి. సీడీలు అమ్ముడయ్యేదీ, పిల్లలు దగ్గరికెళ్ళి వయొలిన్ తీగలు పట్టుకుని చూసేదీ, "ఆ మూడో పాట దేని గురించి రాశారు" అని అడిగేదీ అప్పుడే. ఆర్టిస్ట్‌ల దగ్గర మెయిలింగ్ లిస్ట్ కోసం ఒక నోట్‌బుక్ పెట్టించాం, తర్వాత క్యాంపెయిన్ మొదలైన రోజు ముందుగా స్పందించింది ఆ నోట్‌బుక్‌లో పేరు రాసినవాళ్ళే.

డబ్బు విషయంలో మన నియమం ఒకటే, వచ్చినదంతా ఆర్టిస్ట్‌దే, ఇల్లు ఇచ్చినవాళ్ళకి గానీ సంఘానికి గానీ అందులో వాటా లేదు. జనం తక్కువ వచ్చినా ఇంత ఇస్తాం అని ముందే మాట ఇచ్చి, తగ్గితే గ్యారంటీ ఫండ్ నుంచి కలుపుతున్నాం. దీని మీద కమిటీలో చాలాసేపు వాదన జరిగింది, జనం వచ్చిన దాన్ని బట్టి ఇస్తే చాలు కదా అన్నవాళ్ళు ఉన్నారు, నేను మాత్రం గ్యారంటీ ఉండాల్సిందే అంటాను. ఆ రోజు వాన పడిందనో ఇంకెక్కడో పెద్ద ఫంక్షన్ ఉందనో పదిమందే వస్తే ఆ నష్టం ప్రయాణం చేసి వచ్చి పాడినవాళ్ళ మీద ఎందుకు పడాలి. పిలుపులోనే ఎంత ఇస్తే బాగుంటుందో రాస్తున్నాం, ఇవ్వలేనివాళ్ళు ఊరికే వచ్చి వినొచ్చు అని కూడా రాస్తున్నాం. రెండో భాగం మొదలయ్యే ముందు గుర్తు చేసే పని ఇంటివాళ్ళకి పెట్టకుండా వాలంటీర్లే చేస్తున్నారు, సొంతింట్లో డబ్బు మాట ఎత్తాలంటే ఎవరికైనా మొహమాటమే.

అడ్రస్ వస్తాం అని కన్ఫర్మ్ చేసినవాళ్ళకే పంపుతాం. పక్కింటివాళ్ళకి ముందే చెప్పి వాళ్ళనీ పిలుస్తాం, చెప్పిన టైముకి ముగిస్తాం. బయట టికెట్లు అమ్మితే అది పబ్లిక్ కచేరీ కింద లెక్కకి వచ్చి లైసెన్స్ కావాల్సి రావచ్చు, అందుకని పిలుపు మీదే నడుపుతున్నాం, వేరేవాళ్ళ పాటలు పాడేటప్పుడు రూల్ ఏంటో ముందే కనుక్కుంటున్నాం.

ఇప్పుడు క్యాంపెయిన్లు. ఒక మీటింగ్‌లో మన పెద్దాయన ఒకరు "కళాకారులు ఇలా జనాన్ని డబ్బులు అడగడం వాళ్ళకి గౌరవమేనా" అని బాధగా అడిగారు. ఆ ప్రశ్న చాలామంది మనసులో ఉంది కాబట్టి ఇక్కడే జవాబు రాస్తున్నా. 1784 మార్చిలో మోత్సార్ట్ అనే గొప్ప స్వరకర్త వియన్నాలో తన కచేరీలకి ముందుగా చందా కట్టిన 174 మంది పేర్లు రాసి వాళ్ళ నాన్నకి ఉత్తరంలో పంపించాడు, గర్వంగా పంపించాడు. 1795లో ఇంకో స్వరకర్త బీథోవెన్ తన ఓపస్ 1 త్రయాలు (ముగ్గురు కలిసి వాయించే రచనలు) అచ్చు వేసిందీ 100 మందికి పైగా ముందే కట్టిన చందాలతోనే, వాళ్ళ పేర్లు ఆ పుస్తకంలోనే అచ్చయ్యాయి. ఇంటర్నెట్ వచ్చాక 1997లో మారిలియన్ అనే బ్రిటిష్ బ్యాండ్ అభిమానులు ఎవరూ అడక్కుండానే దాదాపు 60,000 డాలర్లు పోగుచేసి వాళ్ళ అమెరికా టూర్ జరిపించారు, ఆ తర్వాత అదే బ్యాండ్ 2001లో తెచ్చిన ఆల్బమ్‌ని 12,000 మందికి పైగా రికార్డింగ్ కన్నా ముందే కొనేశారు. జాజ్ కంపోజర్ మరియా ష్నైడర్ ఆర్టిస్ట్‌షేర్ అనే సైట్ ద్వారా శ్రోతల డబ్బుతో చేసిన ఆల్బమ్‌కి 2005లో గ్రామీ వచ్చింది, దుకాణాల్లో అమ్మకుండా గ్రామీ గెలిచిన మొదటి ఆల్బమ్ అదే. కాబట్టి సార్, వినేవాళ్ళు ముందుగా కట్టడం కొత్తా కాదు, చిన్నతనమూ కాదు.

క్యాంపెయిన్ పెట్టేవాళ్ళతో మనం కూర్చుని చేసే మొదటి పని బడ్జెట్. స్టూడియో, మిక్సింగ్, మాస్టరింగ్ (రికార్డ్ చేసినదాన్ని కలిపి తుది రూపానికి తెచ్చే పనులు), కవర్ డిజైన్ అందరూ రాస్తారు. తోటి వాద్యకారుల ఫీజు చాలామంది చివర్లో రాస్తారు, మేం ముందు రాయమంటున్నాం. క్యాంపెయిన్లు నడిపే కిక్‌స్టార్టర్ లాంటి సైట్‌లో 5 శాతం వాళ్ళది, పేమెంట్ ఛార్జీలు ఇంకో 3 నుంచి 5 శాతం, అంటే దాదాపు పదో వంతు అక్కడే పోతుంది, అదీకాక చివరి రోజు కొన్ని కార్డులు ఫెయిలవుతాయి, డబ్బు చేతికి రావడానికి రెండు వారాలు పడుతుంది. అందుకని 1,000 కావాల్సి ఉంటే 1,000 అని టార్గెట్ పెడితే చాలదు. టార్గెట్ చేరకపోతే ఎవరి డబ్బూ తీసుకోని పద్ధతి అక్కడ 2009 నుంచీ ఉంది, ఇంకొన్ని సైట్లలో అయితే వచ్చినంత ఉంచుకునే పద్ధతి కూడా ఉంది. మేం మొదటి పద్ధతే మంచిది అని చెప్తున్నాం, సగం డబ్బుతో మొత్తం ఆల్బమ్ బాధ్యత నెత్తిన పడితే ఆర్టిస్ట్ నలిగిపోతారు.

రివార్డుల గురించి, అంటే డబ్బిచ్చినవాళ్ళకి బదులుగా ఇచ్చే వాటి గురించి, కొంచెం గట్టిగానే చెప్పాలి. టీషర్టులు, మగ్గులు, పోస్టర్లు, బ్యాగులు అని పెద్ద లిస్ట్ పెడితే క్యాంపెయిన్ కళకళలాడుతుంది కానీ తర్వాత ఆరు నెలలు ఆ మనిషి పాట పక్కనపెట్టి పార్సిళ్ళు కట్టుకుంటూ కూర్చోవాలి. 12 అంగుళాల వినైల్ రికార్డ్ ఒక్కటే 140 నుంచి 180 గ్రాములుంటుంది, అట్టా ప్యాకింగూ కలిపితే పోస్టేజీ ఎక్కడికో పోతుంది, ప్రెస్సింగ్‌కి, అంటే రికార్డులు తయారు చేయించడానికి, నెలలు పడుతుంది. అందుకని డౌన్‌లోడ్, సీడీ, ఆల్బమ్ మీద పేరు, ఒక హౌస్ కాన్సర్ట్, ఇవి చాలు అంటున్నాం. ఇందులో హౌస్ కాన్సర్ట్ రివార్డ్‌కి పోస్టేజీ లేదు, ఇచ్చినవాళ్ళ ఇంట్లో ఇంకో ముప్ఫై మంది కొత్తవాళ్ళు వింటారు, వాళ్ళలో కొందరు రేపటి క్యాంపెయిన్‌కి వస్తారు.

మొదటి రెండు రోజులూ చివరి మూడు రోజులూ వచ్చినట్టు మధ్యలో డబ్బు రాదు. ఆ మధ్య వారాల్లో ఆర్టిస్ట్‌లు చాలా దిగులు పడతారు. ఈ ఏడాది మేం ఆ వారాల్లోనే కచేరీలు పెట్టాం, కొత్త శ్రోతలు దొరికారు, ఆర్టిస్ట్‌కి ధైర్యం కూడా వచ్చింది.

మనం మద్దతిచ్చిన వాటిలో ఒక క్యాంపెయిన్ టార్గెట్ చేరలేదు. సొంతంగా పాటలు రాసుకుని గిటార్ మీద పాడే అమ్మాయి, పూర్తి బ్యాండ్‌తో స్టూడియో ఆల్బమ్ చేయాలని ఆశపడింది, పద్ధతి ప్రకారం ఎవరి డబ్బూ కట్ అవ్వలేదు. తర్వాత తనే ఒక ఆలోచన చెప్పింది, మీ ఇంటి కచేరీలోనే రికార్డ్ చేసుకుంటాను అని. సౌండ్ తెలిసిన సభ్యులు ఇద్దరు రెండు మైకులు పెట్టి రెండు రాత్రులు రికార్డ్ చేశారు, బాగా వచ్చిన పాటలు ఏరి చిన్న ఈపీగా (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో పెట్టింది, ఆ సైట్ తన వాటా వదులుకునే శుక్రవారాలు 2020 మార్చిలో మొదలయ్యాయి కదా, అలాంటి శుక్రవారం చూసి విడుదల చేసింది. విన్నాను, మనవాళ్ళ చప్పట్లతో సహా ఉంది, నాకు ఈ ఏడాది వచ్చిన రికార్డింగుల్లో అదే ఎక్కువ ఇష్టం. మాస్టర్ హక్కులు, అంటే ఆ రికార్డింగ్ మీద హక్కులు, పూర్తిగా తనవే, రికార్డ్ చేసినవాళ్ళు క్రెడిట్స్‌లో పేరు తప్ప ఏం అడగలేదు. నెలనెలా కొంచెం కట్టే పేట్రియాన్ పద్ధతి కూడా మొదలుపెట్టింది, 2013లో దాన్ని పెట్టినవాళ్ళలో ఒకరు జాక్ కాంటే అనే మ్యూజీషియనే, నెలకో పాట రాసేవాళ్ళకి ఒక్కసారి పెద్ద క్యాంపెయిన్ కంటే ఇదే నప్పుతుంది అని నా అభిప్రాయం.

డబ్బు సంఘం ఖాతాలో ఎందుకు పోగుచేయరు, మీరే పంచొచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. చందా డబ్బు మన ఖాతా మీదుగా వెళ్ళకూడదనే కమిటీ నిర్ణయం. 2019లో ప్లెడ్జ్‌మ్యూజిక్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్ మూతపడినప్పుడు శ్రోతలు కట్టిన డబ్బు చాలామంది ఆర్టిస్ట్‌లకి చేరనే లేదు, ఆల్బమ్ కోసం కట్టినవాళ్ళు ఒకవైపు, డబ్బు అందని వాళ్ళు ఒకవైపు మిగిలిపోయారు. మధ్యలో ఎంత తక్కువ ఆగితే అంత మంచిది.

ఇల్లు ఇచ్చిన కుటుంబాలకీ, కుర్చీలు మోసిన పిల్లలకీ, రాత్రి ఆర్టిస్ట్‌లకి పడుకునే చోటు ఇచ్చినవాళ్ళకీ కమిటీ తరఫున కృతజ్ఞతలు.

ఓటు వేయాల్సినవి ఇవి. సభ్యత్వ రుసుములో కొంత భాగాన్ని ఏటా గ్యారంటీ ఫండ్‌కి శాశ్వతంగా కేటాయించడం ఒకటి. రెండు మంచి మైకులూ ఒక రికార్డరూ సంఘం కొని, మన కచేరీల్లో పాడేవాళ్ళు కావాలంటే ఉచితంగా రికార్డ్ చేసి ఫైళ్ళు వాళ్ళకే ఇచ్చేయడం రెండోది. నేను రెండింటికీ అవును అనే ఓటు వేస్తున్నా. అభ్యంతరాలుంటే మీటింగ్‌కి వారం ముందు రాసి పంపండి, కమిటీ జవాబు సిద్ధం చేసుకుని వస్తుంది. వచ్చే ఏడాది ఇల్లు ఇవ్వాలనుకునేవాళ్ళు కూడా అప్పుడే పేరు ఇవ్వండి, ముఖ్యంగా పియానో ఉన్న ఇల్లు కావాలి, ట్యూనింగ్ ఖర్చు సంఘమే పెట్టుకుంటుంది.

ఇట్లు,
కార్యదర్శి