ఆదివారం పడవ పని: అందరూ చదవండి

అందరికీ నమస్కారం 🙏
వచ్చే ఆదివారం ఉదయం 6:30కి ముట్టుకాడు షెడ్డు దగ్గర మన ఫైబర్ పడవ రిపేరు. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే తడి ఆరదు, రెజిన్ (ఫైబర్ పొరల్ని అతికించే జిగురు) పట్టదు. ఆలోపే ముగించాలి.

శనివారం సాయంత్రమే ఇద్దరు వెళ్లి అడుగున అతుక్కున్న గుల్లలు గీకి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఎవరు వెళ్తారో ఇక్కడే చెప్పండి.

ఆదివారం ముందుగా రూపాయి బిళ్లతో అడుగంతా తట్టి చూద్దాం. టక్కుమని గట్టిగా మోగితే బాగున్నట్టే. బోలుగా, మందంగా వినిపిస్తే లోపల పొరలు విడిపోయాయన్నమాట. అక్కడ చాక్‌పీసుతో గీత గీయండి. ఎడమవైపు పగులు చుట్టూ ఓపిగ్గా తట్టండి, నాకు అక్కడే అనుమానం.

ముఖ్యంగా ఒక మాట. హార్డెనర్‌ని (రెజిన్‌ని గట్టిపరిచేది), యాక్సిలరేటర్‌ని (అది త్వరగా గట్టిపడేలా చేసేది) నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకూడదు, పేలుతుంది! యాక్సిలరేటర్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్ వేయాలి. 100 గ్రాముల రెజిన్‌కి హార్డెనర్ 1 నుంచి 2 గ్రాములు చాలు. మన చెన్నై ఎండకి తొందరగా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగానే కలుపుదాం. ఈసారికి పిల్లల్ని తీసుకురావద్దు, ప్లీజ్.

ఫుల్ చేతుల పాత చొక్కా, మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. ఫైబర్ పొడి ఒంటికి తగిలితే ఒకటే దురద.
రెజిన్, మ్యాట్ (రెజిన్‌తో అతికించే ఫైబర్ గుడ్డ), ఎమరీ పేపర్ నేను తెస్తాను.
టిఫిన్ లెక్క కోసం వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు పెట్టండి.