కొత్త కోళ్లు కొంటే చీటీ కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పెరటి కోళ్ల పెంపకం మీద పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. ఏ జాతి బాగా గుడ్లు పెడుతుంది, ఏం దాణా వేయాలి, గూడు ఎటువైపు కట్టాలి, అన్నీ చెబుతారు. నాలుగు కోళ్లున్నవాళ్లు ఇంకో నాలుగు తెచ్చి వాటిలో కలిపేటప్పుడు ఏం చూసుకోవాలన్నది మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. అసలు చిక్కంతా అక్కడే. పెరటి మందలోకి జబ్బు చాలాసార్లు కొత్త కోడి వెంటే వస్తుంది. ఒక పెరట్లో మొదలైతే పక్క పెరళ్లకూ పాకుతుంది కాబట్టి, ఎవరి కోళ్లు వాళ్లిష్టం అని వదిలేయడానికి లేదు.

‘చూడ్డానికి హుషారుగానే ఉంది కదా’ అంటారు కొనేవాళ్లు. కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 15 రోజుల దాకా పట్టొచ్చు. ఊపిరి జబ్బు తెచ్చే మైకోప్లాస్మా అనే క్రిమి సోకిన కోడి కోలుకున్నట్టు కనిపించినా ఆ క్రిమిని ఒంట్లో మోస్తూనే ఉంటుంది. కోళ్లకు కాళ్లు పడిపోవడం, కణితులు తెచ్చే మారెక్స్ వైరస్ ఈకల కుదుళ్ల నుంచి రాలే పొట్టులో ఉంటుంది, గూటి దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది. అందుకే కొత్తవాటిని ఓ నెల రోజులు విడిగా ఉంచమని పశువైద్యులు చెబుతారు. విడిగా అంటే అదే గూట్లో జాలీ అడ్డం పెట్టడం కాదు. చోటు దూరంగా ఉండాలి. నీళ్ల గిన్నె, దాణా తొట్టి, చీపురు, ఆఖరికి మనం వేసుకునే చెప్పులు కూడా వేరుగా ఉండాలి. ముందు పాత కోళ్ల పని చూసుకుని, కొత్తవాటి దగ్గరికి తర్వాత వెళ్లాలి.

ఆ నెలలో రాత్రిపూట టార్చి పట్టుకుని కోళ్లు కూర్చునే కర్రను చూడమని కూడా చెబుతాను. గోమార్లలో ఎర్రవి పగలు కోడి మీద దాదాపు కనిపించవు. చీకటి పడ్డాక ఎక్కి రక్తం తాగి, తెల్లారేసరికి మళ్లీ సందుల్లో దూరతాయి. కర్ర గోడకు ఆనే చోట, పగుళ్లలో బూడిద రాలినట్టు ఉంటే అక్కడ తెల్ల కాగితంతో గట్టిగా తుడవండి. కాగితానికి ఎర్రటి చారలు అంటితే అవి ఉన్నట్టే. కోళ్లు లేని గూట్లో కూడా ఇవి నెలల పాటు చావకుండా ఉంటాయి కాబట్టి, ఎవరో వాడి వదిలేసిన గూడు తెచ్చుకునేవాళ్లకు ఈ తనిఖీ మరీ ముఖ్యం.

ఇక గూటి సంగతి. లోపల ఒక్కో కోడికి సుమారు 4 చదరపు అడుగులు, బయట తిరగడానికి 10 చదరపు అడుగులు, కూర్చునే కర్ర మీద 8 నుంచి 10 అంగుళాలు ఉండాలన్నది పెంపకందార్లు సాధారణంగా పాటించే లెక్క. నాలుగింటికి కట్టిన గూట్లో ఎనిమిదింటిని కుక్కితే గుడ్లేమీ రెట్టింపు కావు. పీకులాటలు పెరుగుతాయి, రెట్ట పేరుకుని అమ్మోనియా ఘాటు లేస్తుంది. తలుపు తీయగానే మన ముక్కు మండుతోందంటే, రాత్రంతా అందులో ఉన్న కోళ్ల గతేమిటి? కోళ్లు కూర్చునే ఎత్తుకు పైన గాలి పోయే సందులు వదలాలి. గాలి తిన్నగా వాటి మీదికి కొట్టకూడదు.

చాలా చోట్ల స్థానిక సంస్థలు మాత్రం ఇంటికి ఇన్ని కోళ్లే ఉండాలని ఒక సంఖ్య పెట్టి ఊరుకుంటాయి. ఇరుకు గూట్లో మూడు కోళ్లు వీధంతా కంపు కొట్టించగలవు. తగినంత చోటుంటే పది కోళ్లున్నా పక్కింటికి తెలియదు. స్థలం, గాలి, రెట్ట ఎత్తే పద్ధతి చూసి అనుమతిస్తే అందులో అర్థముంది. తలలు లెక్కపెట్టడం అధికారులకు సులువు, అంతే.

నెల గడిచాక కలపడం కూడా ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఎవరు ఎవరిని పొడవాలన్న వరుస కోళ్లలో ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డరప్-ఎబ్బె 1920ల్లోనే రాశారు. కొన్ని రోజులు జాలీకి అటూ ఇటూ ఉంచి, తర్వాత రెండు చోట్ల దాణా పెట్టి వదిలితే గొడవ తగ్గుతుంది. ఒంటరి కోడిని తెచ్చి వదిలితే దెబ్బలన్నీ దానికే.

నేను అడిగేవి రెండు. కోళ్లు అమ్మేవాళ్లు పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన తేదీ, వేసిన టీకాలు, వాటి తేదీలు రాసిన చీటీ కొన్నవాళ్లకు ఇచ్చేలా నిబంధన రావాలి. రెండోది టీకా సీసాల సమస్య. కొక్కెర తెగులు టీకా మామూలుగా వందల డోసుల సీసాల్లో వస్తుంది, ద్రావణంలో కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. ఆరు కోళ్లున్నవాళ్లు సీసా కొని మిగతాదంతా పారబోయాలి, లేదంటే టీకా మానేయాలి. ఎక్కువమంది మానేస్తున్నారనే నా అనుమానం. పశువైద్యశాలలు నెలకో రోజు ముందే ప్రకటించి, సిబ్బందే పెరళ్ల దగ్గరికొచ్చి ఒక సీసాతో చుట్టుపక్కల కోళ్లన్నిటికీ వేస్తే సరిపోతుంది. కోళ్లన్నిటినీ బుట్టల్లో ఒకచోటికి రప్పిస్తే మాత్రం టీకాతో పాటు జబ్బు కూడా పంచినట్టవుతుంది.

ఇట్లు,
పెరటి కోళ్లు పెంచే ఓ పాఠకురాలు