బేకర్‌కి తీరిక ఎక్కడిదో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఒక బేకర్ జీవితం మీద వచ్చిన కథనం చదివాను. శరత్కాలపు డెజర్ట్‌లు, ఆవిడ తిరిగొచ్చిన ఊళ్లు, ఇష్టంగా చూసే సీరీస్‌లు, అన్నీ బావున్నాయి, ఫొటోలైతే మరీ బావున్నాయి. కానీ చదవడం పూర్తయ్యాక నాకు ఒకటే సందేహం మిగిలింది. ఈవిడ పని ఎప్పుడు చేస్తుంది? నేనూ అదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి నిజంగానే అడుగుతున్నాను, వెటకారం కాదు. రెండు పేజీల కథనంలో గడియారం ఊసే లేదు, మా బతుకంతా గడియారంతోనే కదా.

‘యాపిల్ పై’ (పిండి పొరలో యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే వంటకం) ఫొటో కింద ‘ఇప్పుడే ఓవెన్ నుంచి తీసింది’ అని రాశారు. ముక్క శుభ్రంగా కోసి ఉంది, లోపలి యాపిల్ పొరలు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. అది ఇప్పుడే తీసింది కాదండీ. వేడి మీద కోస్తే రసమంతా ప్లేట్లోకి కారిపోతుంది. చిక్కదనం కోసం వేసే కార్న్‌ఫ్లోర్ అయినా, యాపిల్‌లో సహజంగా ఉండే పెక్టిన్ అనే చిక్కబరిచే పదార్థం అయినా చల్లారాకే గట్టిపడతాయి, ఓ పెద్ద పై అలా కుదురుకోవడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అంటే పొద్దున పది గంటలకి షాపు అద్దాల వెనక కనిపించాల్సిన పై ఐదింటికల్లా ఓవెన్‌లో ఉండాలి, దాని అడుగు పిండి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి ఉండాలి, ఆ కలిపే మనిషి ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చునే వేళకి నిద్రకి పడాలి. ఇదంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది, ఫొటోకి పడదు, అంతే.

శరత్కాలమే మాకు అసలైన టెన్షన్. కొత్త పంట వచ్చేసరికి యాపిల్ పనులన్నీ మళ్లీ మొదటినుంచి సరిచూసుకోవాలి, ఎందుకంటే చెట్టు నుంచి వారం కిందట దిగిన కాయా, కోల్డ్ స్టోరేజీలో నెలలు గడిపిన కాయా ఒకే రకమైనా ఒకేలా ఉడకవు. నిలవ ఉన్నకొద్దీ పెక్టిన్ విరిగిపోతుంది, మెత్తబడిన కాయ ఓవెన్‌లో గుజ్జయి కూర్చుంటుంది. పులుపు బాగా ఉన్న గ్రానీ స్మిత్ లాంటి రకాలు ముక్క ఆకారం పోకుండా నిలబడతాయి, తియ్యటి మెత్తటి రకాలు సాస్‌కి పనికొస్తాయి, రెండూ కలిపి వేసేవాళ్లూ ఉన్నారు, నాకూ అదే ఇష్టం. ఇంకో కిటుకు కూడా ఉంది. ముక్కల్ని ముందుగా 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య కాసేపు ఉంచితే యాపిల్‌లోనే ఉండే ఒక ఎంజైమ్ పెక్టిన్‌ని దృఢంగా మారుస్తుంది, ఆ తర్వాత బాగా కాల్చినా అంత తేలిగ్గా చితకదు. చదవడానికి ఒక్క వాక్యమే, చేయడానికి మాత్రం ఎవరో ఒకరు థర్మామీటర్ పట్టుకుని గిన్నె పక్కన కాపలా ఉండాలి.

గుమ్మడికాయదీ ఇంకో గోల. అందులో తొంభై శాతం దాకా నీరే. ఆ నీరు పోయేలా ముందు కాల్చి, గుజ్జు తీసి, అవసరమైతే మళ్లీ బాణలిలో వేసి దగ్గరికి వచ్చేదాకా తిప్పాలి, లేకపోతే పై అడుగు తడిసి ముద్దయిపోతుంది. నిజానికి గుమ్మడి పై అంటే గుడ్లతో గట్టిపడే కస్టర్డే. అంచులు బిగిసి, నడుమ మాత్రం ఇంకా కొంచెం ఊగుతూ ఉన్నప్పుడే తీసేయాలి, మిగిలింది లోపలి వేడికే కుదురుకుంటుంది. ఇంకాసేపు ఉంచుదాంలే అనుకుంటే పైన బీట పడుతుంది. పైన మీగడ వేసి ఆకులూ పువ్వులూ పెట్టి అందంగా ఫొటో తీస్తారు చూడండి, ఆ మీగడ కింద చాలాసార్లు ఆ బీటే ఉంటుంది. ఇది మా వాళ్లందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

మసాలా గురించి కూడా మీ కథనంలో రెండు ముక్కలున్నాయి. పంప్‌కిన్ స్పైస్‌లో గుమ్మడికాయ ఉండదని కొందరికి ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అది దాల్చిన చెక్క, అల్లం, జాజికాయ, లవంగం లాంటివి కలిపిన పొడి. అమెరికాలో మెక్‌కార్మిక్ అనే మసాలా కంపెనీ వాళ్లు గుమ్మడి పై మసాలా అని డబ్బాలో పెట్టి అమ్మడం 1934లో మొదలైంది, స్టార్‌బక్స్ దాన్ని కాఫీలోకి తెచ్చింది 2003లో. ఇప్పుడు ఆ వాసన వస్తేనే శరత్కాలం వచ్చిందనుకునేవాళ్లున్నారు. సరే, ఎవరి సరదా వాళ్లది. బేకర్‌కి కావాల్సిన సంగతి వేరే ఉంది. ఈస్ట్ వేసిన పిండిలో దాల్చిన చెక్క పొడి ఎక్కువ కలిపితే పిండి సరిగ్గా పొంగదు, ఆ చెక్కకి సువాసన ఇచ్చే పదార్థమే ఈస్ట్‌ని అణిచేస్తుంది. అందుకే సినమన్ రోల్స్‌లో ఆ పొడిని పిండిలో కలపకుండా వెన్నా పంచదారలతో పాటు పైన పరిచి చుడతారు.

ఇక తీరిక సంగతి, నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం. మీరు బేకర్ ప్రయాణాల్నీ, వినోదాన్నీ ఆమె అదృష్టం అన్నట్టు రాశారు. ఈ పనిలో తీరిక కోసం కోర్టుల దాకా వెళ్లారండీ. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బేకరీ కార్మికులు రోజుకి పది గంటలు, వారానికి అరవై గంటలు మించి పని చేయకూడదని చట్టం చేస్తే, 1905లో లాక్‌నర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఎన్ని గంటలు పని చేయాలో ఒప్పందం చేసుకునే స్వేచ్ఛకి అది అడ్డమని. ఫ్రాన్స్‌లో 1919లో రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా రొట్టె చేయకూడదని చట్టం తెచ్చారు. 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ బేకరీల్లో రాత్రి పని వద్దని ఏకంగా ఒక ఒడంబడికే చేసింది, అందులో యజమాని కూడా రాత్రిపూట చేయకూడదన్నారు, ఎందుకంటే కూలివాళ్లని పంపేసి తనే చేసుకునే యజమానితో పోటీ పడలేక మిగతావాళ్లూ రాత్రిళ్లు మొదలుపెడతారు. ఆమోదించిన దేశాలు కొన్నే. వేడి వేడి రొట్టె పొద్దున్నే కావాలనే మనం మాత్రం అన్ని దేశాల్లోనూ ఉన్నాం.

దీనికి తోడు పిండి దుమ్ము. గాల్లో ఎగిరే మైదా ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం వస్తుంది, దానికి బేకర్ల ఉబ్బసం అనే పేరే ఉంది. పిండిని పైనుంచి గుప్పున చల్లుతూ తీసే ఫొటో ఒకటి ప్రతి పత్రికలోనూ ఉంటుంది, మీదాంట్లోనూ ఉంది. అలా చల్లేవాళ్ల మీద నాకు చచ్చేంత కోపం.

ప్రయాణాల దగ్గరికి వస్తే, ఇందులో ఒక తమాషా ఉంది. శరత్కాలపు తీపి తినాలంటే శరత్కాలంలోనే వెళ్లాలి, సరిగ్గా అప్పుడే బేకర్‌కి సెలవు దొరకదు. కాబట్టి మాలో చాలామంది సీజన్ అయిపోయాక వెళ్తాం, వెళ్లిన చోట కూడా అద్దాల వెనకున్న వాటికన్నా వెనక గదిలో ఏం జరుగుతోందో చూడ్డానికే ఎగబడతాం. తార్త్ తాతాన్ అనే తలకిందుల యాపిల్ టార్ట్ పుట్టిన ఫ్రాన్స్‌లోని లామోత్-బ్యూవ్రోన్ చిన్న ఊరు. అక్కడ హోటల్ నడిపిన తాతాన్ అక్కచెల్లెళ్లలో ఒకరు 1880లలో యాపిల్ టార్ట్‌ని పొరపాటున తలకిందులుగా చేశారని ప్రతి టూరిస్టుకీ చెప్తారు, మీ కథనంలోనూ అదే ఉంది. ఆ ప్రాంతంలో తిరగేసిన టార్ట్‌లు అంతకు ముందే ఉన్నాయి. పొరపాటు కథ వినడానికి బావుంటుంది, కానీ పంచదార పాకం రంగు తిరిగే క్షణం పట్టుకుని, వెన్న వేసి, యాపిల్స్ నించోబెట్టి, వేడి పాకం చేతి మీద పడకుండా మొత్తం బోర్లించడం పొరపాటున వచ్చే పని కాదు. ఆ హోటల్ వంటమనిషి చేతి నేర్పుని ఒక జోకు కింద కొట్టిపారేయడం నాకు నచ్చదు.

వియన్నాలో స్ట్రూడెల్ (పల్చటి పిండి పొరలో యాపిల్ లాంటివి చుట్టి కాల్చేది) పిండి లాగడం చూస్తే ఇంకా బావుంటుంది. బల్ల మీద గుడ్డ పరిచి, పిండిని అరచేతుల వెనక భాగంతో లాగుతూ పోతారు, కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు కనపడాలంటారు. స్ట్రూడెల్‌కి దొరికిన అతి పాత వంట విధానం 1696 నాటిది, చేతిరాతలో ఆ నగర గ్రంథాలయంలో ఉంది. ఇక టస్కనీ కొండల్లో చెస్ట్‌నట్ పిండితో కాస్తాన్యాచ్చో అని చేస్తారు, పంచదార లేదు, ఈస్ట్ లేదు, పైన రోజ్‌మేరీ ఆకులు, పైన్ గింజలు. మొదటి ముద్దకి ఏమీ అర్థం కాదు, మూడో ముద్దకి ఆ పిండిలోనే ఉన్న తీపి తెలుస్తుంది. పేదవాళ్ల తిండి అది. ఇలాంటివి ఫొటోలో మట్టి రంగులో ఉంటాయి కాబట్టి కథనాల్లోకి రావు.

వినోదం అన్నారు. చేతులు పిండిలో ఉన్నవాళ్లకి వినోదం చెవుల్లోంచే రావాలి. మిక్సర్ చప్పుడులో డైలాగులు వినపడవు, అందుకని పాటలే నయం, మాటలు పోయినా రాగం తెలిసిపోతుంది. పిండి విభజించే వేళ మాత్రం మిక్సర్ ఆగుతుంది, పాడ్‌కాస్ట్‌లూ కథలూ అప్పుడే. సినిమాకి సాయంత్రం ఆట వెళ్తే ఇంటర్వెల్‌కే నిద్రొస్తుంది. పోటీ కార్యక్రమాలు చూస్తారా అని అందరూ అడుగుతారు. చూస్తాం, చూస్తూ టీవీ మీద అరుస్తాం. 2010లో బీబీసీలో మొదలైన గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్ నాకు ఇష్టమే, ఎందుకంటే అందులో గడియారాన్ని దాచరు, సగం సగం సూచనలిచ్చి చేయమనే రౌండ్ ఒకటుంది, పై చల్లారకముందే కోయాల్సి వచ్చినప్పుడు ఆ మొహాలు చూడాలి. వాళ్లు పాల్గొనేది ఔత్సాహికులుగా, అయిపోగానే చాలామంది తమ ఉద్యోగాలకి వెళ్లిపోతారు, అది గుర్తుంచుకుంటే చాలు. ఇష్టమైన డెజర్ట్ ఏమిటనేది ఇంకో ప్రశ్న. షిఫ్ట్ అయ్యాక మాలో చాలామందికి కావాల్సింది ఉప్పూ కారం ఉన్న ఏదో ఒకటి.

మీకు నా మనవి చిన్నదే. ఇలాంటి కథనం మళ్లీ వేసినప్పుడు ఆ మనిషి ఎన్నింటికి లేస్తారో, ఎన్నింటికి పడుకుంటారో, సెలవు ఎవరిస్తారో అడగండి. వంటకం వేస్తే కప్పుల లెక్క మానేసి గ్రాముల్లో వేయండి, ఒకే కప్పుకి ఒకరు మైదా వదులుగా పోస్తారు, ఒకరు కుక్కి నింపుతారు. చల్లార్చే సమయాన్ని కూడా వంట సమయంలో కలిపి రాయండి. మా దగ్గరికి ఎవరినైనా పంపేట్టయితే తెల్లవారుజామునే పంపండి, మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం ఫోన్ చేయకండి, ఎత్తం.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక బేకర్