మూసేసిన నా ఫిర్యాదు మళ్ళీ తెరవండి

కందుకూరు,
12-6-2024.

కస్టమర్ సర్వీసు విభాగం హెడ్డు గారికి,

విషయం: పోర్టబుల్ జనరేటరు గురించి నేనిచ్చిన ఫిర్యాదును చూడకుండానే మూసేయడం.

అయ్యా,

నిన్న మధ్యాహ్నం మీ కంపెనీ నుంచి నా ఫోనుకు మెసేజి వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవలకు రేటింగ్ ఇవ్వండి" అని. ఆ సమయానికి మీ జనరేటరు మా వరండాలో గోనెపట్టా కింద ఉంది. మీ మనిషి ఒక్కడూ వచ్చి చూడలేదు. ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఏం పరిష్కరించారండీ? ఎవరికి పరిష్కరించారు? ఆ మెసేజి రాకుంటే ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టేవాణ్ణి. అది చూశాక ఒళ్ళు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వస్తువు సంగతి ముందే చెప్పేస్తాను. మా అమ్మకు పక్షవాతం. కూర్చుని ప్రయాణం చేయలేదు. ఆమె కోసం పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు పీకించి మంచం వేయించి, చిన్న ఏసీ, ఫ్రిజ్జు పెట్టించాను. బండి ఆపిన చోట కరెంటు ఉండాలని పొగాకు వేలం డబ్బులు చేతికి రాగానే మీ జనరేటరు కొన్నాను. ఏసీ మీదున్న స్టిక్కరు ఫొటో తీసి మీ డీలరుకు చూపించాను. కంప్రెసరు అందుకునేటప్పుడు లోడు ఒక్కసారిగా లాగుతుంది, తట్టుకుంటుందా అని అడిగాను. తట్టుకుంటుందని ఆయన చెప్పాకే డబ్బు కట్టాను. వైశాఖంలో పెంచలకోన బ్రహ్మోత్సవాలకు వెళ్ళినప్పుడు రాత్రిపూట జనరేటరు ఇంజను తిరుగుతూనే ఉంది, కరెంటు మాత్రం ఆగిపోయింది. ఆ ఉక్కలో తెల్లార్లూ అమ్మకు విసురుతూ కూర్చున్నాం. వస్తువన్నాక చెడుతుంది. దానికి మిమ్మల్ని ఒక్క మాట అనను. ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడుకే ఈ కోపం.

ముందు టోల్ ఫ్రీకి ఫోన్ చేశాను. తెలుగుకు నొక్కమన్న నంబరు నొక్కితే హిందీలో పలికారు. పిన్ కోడు అడిగారు, చెప్పాను. మీకు ఒంగోలు సర్వీస్ సెంటరు అన్నారు. జనరేటరు ఆటోలో వేసుకుని ఒంగోలు పోయాను. కౌంటరులో కుర్రాడు చీటీ రాసి హ్యాండిలుకు కట్టాడు కూడా. తర్వాత కంప్యూటరులో జిల్లా పేరు చూసి, కట్టిన చీటీ మళ్ళీ విప్పుకున్నాడు. "మీది నెల్లూరు జిల్లా కదండీ, మాకు రాదు" అన్నాడు. తల కూడా ఎత్తలేదు. నెల్లూరుకు ఫోన్ చేస్తే వాళ్ళు, "మీ పిన్ కోడు ఒంగోలు చూపిస్తోంది సార్, ఫిర్యాదు టికెట్టు మాకు ఓపెన్ కాదు" అన్నారు.

సంగతేంటంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. పిన్ కోడు మాత్రం పాతదే ఉంది, 523తో మొదలవుతుంది. నెల్లూరు, కావలి వైపు 524. ఇది నేను చేసిన మార్పు కాదు. ఇన్నేళ్ళయినా మీ కంప్యూటరుకు ఎక్కకపోతే అది మీ తప్పు. ఈ ముక్క ఫోనెత్తిన ప్రతివాళ్ళకూ మొదటినుంచీ చెప్పుకుంటూ వచ్చాను. ప్రతివాళ్ళూ "అర్థమైంది సార్" అన్నారు. మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ పిన్ కోడు దగ్గరే మొదలు. ఒకమ్మాయి, "పెట్రోలు పోశారా సార్?" అని అడిగింది. ఇంజను నడుస్తోందని అప్పుడే చెప్పానమ్మా అంటే, "అయితే చోక్ చూసుకోండి" అంది. ఇక్కడి మెకానిక్కు చప్పుడు వినీ, మీటరు పెట్టీ చెప్పేశాడు: "ఇంజను బాగుందన్నా, వోల్టేజీని అదుపులో ఉంచే ఏవీఆర్ పోయుంటది. సీలు తీస్తే వారంటీ పోద్ది, నేను చెయ్యి పెట్టను." ఊళ్ళో మెకానిక్కు మీ వారంటీకి ఇచ్చిన విలువ కూడా మీరివ్వలేదు.

ఇంకొకాయన అన్న మాట మీరు కచ్చితంగా వినాలి. బయట దుమ్ముకు ఇట్లా అవుతుంది, జనరేటరును బండి లోపల పెట్టుకుని నడపండి అన్నాడు. లోపల మంచం మీద మా అమ్మ ఉంటుంది! పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన బండిలో నిద్రపోయినవాళ్ళు నిద్రలోనే పోతారు. ఇంటి లోపల, బండి లోపల నడపొద్దని మీ జనరేటరు మీద మీరే హెచ్చరిక అంటించారు. మీ సొంత హెచ్చరిక మీ మనిషికి తెలియదా? నేను దాన్ని బండికి దూరంగా పెట్టి, పొగ గొట్టం కిటికీల వైపు రాకుండా తిప్పి నడిపేవాణ్ణి. తెలియనివాడు ఆయన మాట విని ఉంటే ఆ ఇంటికి ఎవరు జవాబు చెప్తారు? కాల్స్ అన్నీ రికార్డు చేస్తున్నామని ప్రతిసారీ చెప్తారు కదా, ఆ రికార్డు తీసి వినండి. మేనేజరుకు కలపమన్నాను. "నోట్ చేసుకున్నాం సార్" అని ఫోన్ పెట్టేశాడు.

మా మాలకొండ నరసింహస్వామి గుడి వారానికి ఒక్క శనివారమే తీస్తారు. ఆ ఒక్కరోజైనా దేవుడు కనపడతాడు. మీ మేనేజరు ఏ వారమూ కనపడలేదు.

మేము మీకు కొత్తవాళ్ళం కాదు. మా నాన్న మీ కంపెనీ కిరసనాయిలు ఇంజనుతోనే పొగాకు నారుమడికి నీళ్ళు పెట్టాడు. మా ఊళ్ళో ఆ ఇంజన్ను ఇంజననేవాళ్ళు కాదు, మీ కంపెనీ పేరుతోనే పిలిచేవాళ్ళు. చుట్టుపక్కల ఎవరు అడిగినా మీదే కొనమని చెప్పాడాయన. ఆ నమ్మకంతోనే షాపులో వేరే కంపెనీలవి చూపిస్తున్నా వద్దని మీది తెచ్చాను. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?

మీ మనిషి మా ఇంటికి వచ్చి జనరేటరు చూడాలి. ఏవీఆర్ మారుస్తారో, జనరేటరే మారుస్తారో మీ ఇష్టం. కానీ నా ఫిర్యాదు ఎవరు, ఏమని రాసి మూశారో నాకు కాగితం మీద కావాలి. బండి లోపల పెట్టమన్న సలహా తప్పని కూడా అదే కాగితంలో రాసివ్వాలి.

జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి రానక్కర్లేదు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. రెండేళ్ళ గడువుంది, నేను అన్నాళ్ళు ఆగను. అప్పుడు అడిగేది ఏవీఆర్ ఒక్కటే కాదు. ఒంగోలు ఆటో కిరాయి, పోయిన పనిదినాలు, పెంచలకోనలో మా అమ్మ పడ్డ బాధ, అన్నీ అడుగుతాను.

బిల్లు నకలు, వారంటీ కార్డు నకలు, మీరు పంపిన మెసేజి ఫొటో దీనికి జతచేశాను. ఫోన్ చేసేటట్టయితే తెలుగు వచ్చిన మనిషి చేత చేయించండి, పిన్ కోడు మాత్రం మళ్ళీ అడగొద్దని చెప్పండి.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
కందుకూరు.