మాచిపత్రి వేషంలో వయ్యారిభామ

బెంగళూరు

ఒరేయ్ మధూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది. కారణం చెబితే నవ్వుతావు. చవితి నాడు చేతులకు పట్టుకున్న దురద నిన్నటికి గానీ వదల్లేదు.

పండగ పొద్దున బజారులో పత్రి కట్ట కొన్నాను. ఇరవై ఒక్క రకాలూ ఉన్నాయని అమ్మినావిడ కన్నడంలో ఒట్టేసింది. ఇంట్లో అమ్మ ఆకులు విడదీస్తూ ఒక రెమ్మ దగ్గర ఆగింది. నలిపి వాసన చూసి, "ఇది మాచిపత్రి అయితే నేను మహారాణిని" అంది. నిజమే, దవనాన్ని గుర్తుకు తెచ్చే ఆ సువాసన లేదు. చీలికలు చీలికలుగా ఆకు మాత్రం అచ్చం అలాగే ఉంది. కొసన మిరియపు గింజంత తెల్లపూలు. వయ్యారిభామ రా! మన చేను గట్ల మీద కాంగ్రెస్ గడ్డి అని పీకేవాళ్లం చూడు, అదే. అమెరికా ఖండం నుంచి దిగిన కలుపును వినాయకుడికి సమర్పించబోయాం.

పక్క ఖాళీ స్థలంలో ఉత్తరేణి అయినా తెమ్మని అమ్మ తరిమింది. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అక్కడ తుమ్మి, గరిక, ఉత్తరేణి కలిసి ఉండేవి. ఇప్పుడు గోడ నుంచి గోడ దాకా నడుమెత్తు వయ్యారిభామ ఒక్కటే. దాని వేళ్ల నుంచి, రాలిన ఆకుల నుంచి మట్టిలోకి దిగే రసాయనాలు పక్క గింజలను సరిగా మొలకెత్తనివ్వవు. పశువులు దాని జోలికి పోవు. ఒక్క మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. 1950ల్లో పూణేలో కంటపడిన ఈ మొక్క దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. నేను దాన్ని వట్టి చేతులతో తోసుకుంటూ వెళ్లాను, అనుభవించాను.

అసలు నీకు చెప్పాలనుకున్నది వేరు. గోడవార కొన్ని మొక్కలకు ఆకు లేదు, ఈనెలే మిగిలాయి. వంగి చూస్తే మినపగింజకు కాస్త పెద్దవిగా పెంకు పురుగులు, మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమరంగు మెలికల ముగ్గు. కిందటేడు మా కుండీల పక్కన వీటినే చెప్పుతో నలిపాను!

ఎదురింటి పెద్దాయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. అవి వయ్యారిభామను తినడానికే మెక్సికో నుంచి తెచ్చిన పురుగులని, పరీక్షలయ్యాక 1984లో మన బెంగళూరులోనే వదిలారని చెప్పి నా పరువు తీశారు. తర్వాత ఇవి పొద్దుతిరుగుడు మీద కనబడి పెద్ద గొడవే అయిందట. ఆ ఆకుల మీద పడిన వయ్యారిభామ పుప్పొడే పురుగును అటు లాగిందని శాస్త్రవేత్తలు తేల్చారట. ఎండాకాలం మట్టిలో నిద్రపోయి వానలకు లేస్తాయి. అవి లేచి సంసారం పెంచుకునేలోపే చాలా మొక్కలు పూసి గింజ రాలుస్తాయి, అదీ చిక్కు. ఆయనకు ఈ పురుగుల మీద ఉన్నంత నమ్మకం నాకు లేదు గానీ, చెప్పు మాత్రం వాటి మీదికి ఎత్తను. మిగతావి పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకుతున్నాను.

ఉత్తరేణి చివరికి మురుగు కాలువ అంచున రెండే దొరికాయి. మాచిపత్రి స్థానంలో అమ్మ అక్షతలు వేసింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ పెరట్లోంచి ఒక పిలక తడిగుడ్డలో చుట్టి తీసుకురా. వాసన చూసి మరీ తే.

నీ,
రాఘవ