నాయనమ్మ పేనిన వెంటి

మధురవాడ, విశాఖపట్నం
సోమవారం రాత్రి

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే "బాగుంది, అందరం సరదాగా తిరిగాం" అని ఊరుకున్నాను. చెప్పాల్సింది చాలా ఉంది కానీ ఫోన్లో నోరు పెగల్లేదు. ఇప్పుడు అందరూ పడుకున్నారు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నీ మొదటి జీతంలోంచి మా నలుగురికీ పాత పల్లె బతుకు చూపించే ఆ పార్కుకి టికెట్లు కొని పంపినప్పుడు నాకు సంతోషం కన్నా చిరాకే ఎక్కువ కలిగింది. చోడవరం దగ్గర పల్లెలో పేడ ఎత్తి, గడ్డి కోసి పెరిగినవాణ్ణి, డబ్బులిచ్చి ఆవుని చూడ్డమేంటి అనుకున్నాను. మీ అమ్మతో అన్నాను కూడా. "పిల్ల ముచ్చటపడి ఇచ్చింది, కాదనకండి" అంది. అదీ కాక నాయనమ్మ గురించి టెన్షన్. ఊరు వదిలి మన దగ్గరకొచ్చి రెండేళ్ళు దాటింది కదా. నాలుగో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటుంది. ఈ మధ్య మాట బాగా తగ్గిపోయింది. "తిన్నావా అమ్మా?" అంటే "తిన్నాను", "ఒంట్లో ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది". అంతే. అంత దూరం తీసుకెళ్ళి ఎండలో తిప్పితే ఏమవుతుందోనని నా భయం.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. డిసెంబరు కదా, కొమ్మాది దాటేదాకా మంచు. ఆనందపురం పూల మార్కెట్ దగ్గర కారు ఆపించి మీ అమ్మ బంతిపూలు కొంది. అక్కణ్ణుంచి ఇంకో అరగంట. మట్టిరోడ్డు మలుపు తిరిగేసరికి వెనక సీట్లోంచి నాయనమ్మ "అదిగో చుట్టిల్లు" అంది. రెండేళ్ళలో తనంతట తాను నోరు తెరిచి చెప్పిన మొదటి మాట అదేనేమో అనిపించింది నాకు.

చుట్టిల్లు నువ్వు బొమ్మల్లో చూసి ఉంటావు. గుండ్రటి మట్టి గోడ, పైన గొడుగులా తాటాకు కప్పు. ఆ కప్పు చూరు ఎంత కిందికి ఉంటుందంటే మనిషి నడుం వంచితేగాని లోపలికి వెళ్ళలేడు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు ఎక్కువగా ఇవే. ఇలా గుండ్రంగా ఎందుకు కట్టారని తమ్ముడు అడిగాడు. నేను ఏదో చెప్పబోయేలోపే నాయనమ్మ అందుకుంది. "తుఫాను గాలికి మూల దొరకాల కదా బావూ, పట్టుకుని లాగడానికి. దీనికి మూలే నేదు." 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. కిటికీ అద్దాలు పగిలి, మనం నలుగురం నడవాలో పరుపు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. ఆ రోజంతా నాకు గుర్తొచ్చింది, ఆ ఒక్క మాటతో.

పశువుల పాకలో తమ్ముడు గంటసేపు కదల్లేదు. పుంగనూరు ఆవుల దగ్గరే ఉండిపోయాడు. మూడడుగుల ఎత్తు కూడా ఉండవు, వాడి నడుం దాకా వచ్చాయి అంతే. చిత్తూరు వైపు జాతి. పాలు కొంచెమే ఇస్తాయి కానీ వెన్న శాతం ఎనిమిది దాకా ఉంటుందట. మామూలు ఆవు పాలల్లో మూడున్నర, నాలుగు ఉంటే గొప్ప. ఇవి దాదాపు అంతరించిపోయే దాకా వచ్చి ఇప్పుడిప్పుడే మళ్ళీ పెరుగుతున్నాయి. పక్క కొట్టంలో ఒంగోలు ఎడ్ల జత. మన దగ్గర ట్రాక్టర్లొచ్చి ఇవి తగ్గిపోయాయి గానీ బ్రెజిల్లో ఉన్న పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమేనని వాడికి చెప్పాను. ఇక్కణ్ణుంచి ఓడల్లో వెళ్ళినవాటి సంతతి. అక్కడ వాటిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే.

ఆ ఎడ్ల సంగతి మళ్ళీ వస్తాను. ముందు పురి గురించి చెప్పాలి.

పాత సామాన్లన్నీ ఒక కళ్ళంలా చేసిన చోట పెట్టారు. నాగలి, కాడి, తిరగలి, రోలు, చేటలు, ఏతం. ప్రతిదాని ముందూ పేరు రాసిన చెక్క. ఒక మూల మనిషెత్తు గడ్డి కట్టడం ఒకటి ఉంది. గుండ్రంగా, లావుపాటి గడ్డి తాడు చుట్లు చుట్లుగా చుట్టి కట్టింది. దాని ముందు "గడ్డి కుప్ప" అని రాశారు. నాయనమ్మ చదవలేదు కదా, ఏం రాశారని అడిగింది. చెప్పాను. అక్కడున్న కుర్రాణ్ణి పిలిచింది. "ఇది కుప్ప కాదు బావూ, పురి. దీని లోపల ధాన్యం ఉండాల."

ఆ కుర్రాడు మంచివాడు. విసుక్కోకుండా "చెప్పండి మామ్మా" అని కింద కూర్చున్నాడు. నాయనమ్మ చెప్పిందమ్మలూ, పావుగంట చెప్పింది. కింద మందంగా గడ్డి పరిచి, చుట్టూ వెంటి తిప్పి, ఒక వరస లేచాక ధాన్యం పోయడం. మళ్ళీ ఒక చుట్టు, మళ్ళీ ధాన్యం. అలా పైదాకా పోసి, మీద గడ్డి కప్పి పేడతో అలికేస్తే వానొచ్చినా గింజ తడవదు. వెంటి అంటే గడ్డి తాడు. అది ఎలా పేనాలో ఆ కుర్రాడికి తెలియలేదు, పురిని ఎవరో పెద్దాయన వచ్చి కట్టి వెళ్ళాడట. "గడ్డి ఉందా?" అంది. ఉంది, కొత్త వరి గడ్డి, మొన్న కోతలదే. "నీళ్ళు తే."

నేను వద్దన్నాను. మోకాళ్ళ నొప్పి, వేళ్ళు వంకర్లు పోయాయి, డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. నా మాట వినిపించుకోనేలేదు. గడ్డి మీద నీళ్ళు చిలకరించి కాసేపు ఆగింది. పొడి గడ్డి విరుగుతుందట, మరీ తడిస్తే జారుతుందట. తమ్ముడి చేతికి ఒక వంకర కర్ర ఇచ్చి, దానికి గుప్పెడు గడ్డి మెలేసి తగిలించి, "తిప్పుకుంటా ఎనక్కి నడు" అంది. వాడు కర్ర తిప్పుతూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తుంటే ఈమె ఒడిలోంచి గడ్డి అందిస్తోంది. ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. ఎడమ చేతి గుప్పిట్లోంచి తాడు జారిపోతుంటే కుడి చేతి బొటనవేలు నాలుగైదు పోచల్ని సరిగ్గా మెలిక పడే చోట లోపలికి తోసేస్తోంది. కళ్ళు అటు లేవు, తమ్ముడి వైపున్నాయి. "గట్టిగా తిప్పు. వదులైపోతంది." మన ఇంట్లో టీ గ్లాసు పట్టుకుంటే వణికే చేతులవి. అక్కడ వణకలేదు.

వాడు కళ్ళం అటు చివర దాకా వెళ్ళిపోయాడు. ఇరవై అడుగులుంటుంది వెంటి. చుట్టూ పదిహేను మంది గుమిగూడారు. ఎవరో పాప వచ్చి "నేనూ తిప్పుతా" అంది. నాయనమ్మ ఆ పిల్లకీ కర్ర ఇప్పించింది. ఆ తర్వాత కుర్రాడు సుద్దముక్క తెచ్చి చెక్క మీద "గడ్డి కుప్ప" కొట్టేసి "పురి" అని రాశాడు. నాకు నేను పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషి. ఇంత పని చేతుల్లో ఉందని నాకెందుకు గుర్తు లేకుండా పోయింది?

భోజనం సంగతి చెప్పకపోతే మీ అమ్మ ఊరుకోదు. చోడి అంబలి, గంటె అన్నం (గంటెలంటే సజ్జలే), ములక్కాడ పులుసు, ఆవకాయ. తమ్ముడు అంబలి రెండు గ్లాసులు తాగాడు. ఇంట్లో రాగి జావ అంటే మొహం తిప్పుకునేవాడు. చోళ్ళన్నా రాగులన్నా ఒకటేనని వాడికి నేను చెప్పలేదు.

మధ్యాహ్నం బెల్లం వండారు. పార్కువాళ్ళకి ఒక చిన్న గానుగ ఉంది, ఎడ్లు తిప్పేది. చెరుకు రసం పెనంలో మరిగిస్తూ సున్నం కొంచెం వేసి, పైకి తేలిన మడ్డి తీసేస్తూ ఉన్నారు. అనకాపల్లి అంటే దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటని నీకు తెలుసు. అక్కడ 1913లోనే చెరుకు పరిశోధన కేంద్రం పెట్టారు. మా ఊరి చుట్టూ అంతా చెరుకే. చలికాలం సాయంత్రం ఊరంతా మరిగే పాకం వాసన. పాకం దించేముందు ఒక చుక్క చల్లనీళ్ళలో వేసి చూస్తారు. అది కరగకుండా వేళ్ళ మధ్య ముద్దకడితే దించొచ్చు. నాయనమ్మ ఆ ముద్ద తమ్ముడి నోట్లో పెట్టింది. తెల్లగా కనబడాలని హైడ్రోస్ అనే రసాయనం వేసే బెల్లం వద్దు, ఇలా నల్లగా ఉన్నదే కొనమని మీ అమ్మకి గట్టిగా చెప్పింది. రెండు కిలోలు తెచ్చాం. నీ వాటా పక్కన పెట్టాను.

ఇప్పుడు ఎడ్ల సంగతి.

గానుగ తిప్పి అలిసిన ఎడ్లని పక్కకి కట్టేశారు. నాయనమ్మ వాటి దగ్గరకెళ్ళి నిలబడింది. ఒకదాని గంగడోలు నిమిరి, మెడలో ఉన్న పలుపు తాడు పట్టుకుని అలా ఉండిపోయింది. నేను పక్కకెళ్ళాను. "మీ నాన్న పలుపులు ఊర్లో దూలానికే ఉన్నాయిరా" అంది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1988లో నాకు విశాఖలో పాలిటెక్నిక్ సీటు వచ్చింది. హాస్టలు, పుస్తకాలు, బట్టలు, ఇంట్లో డబ్బుల్లేవు. మాకో జత ఎడ్లుండేవి, కర్రి ఒకటి, మైల ఒకటి. మీ తాత వాటిని కొడుకుల్లా చూసుకునేవాడు. ఒక రోజు తెల్లారుజామున రెండింటినీ తోలుకుని సంతకెళ్ళాడు. సాయంత్రం ఒక్కడే వచ్చాడు, భుజం మీద రెండు పలుపులతో. మా ఇంట్లో పశువుని అమ్మినా పలుపు ఇచ్చేవాళ్ళు కాదు. వాటిని దూలానికి తగిలించి, కాళ్ళు కడుక్కుని, అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు నాకు డబ్బులిచ్చాడు. నేను తీసుకుని బస్సెక్కాను. ఆ తర్వాతి ఏడాది మీ తాత పొలం కౌలుకిచ్చేశాడు. ఎడ్లు లేని ఇంట్లో ఇక వ్యవసాయం ఏముంటుంది?

పద్దెనిమిదేళ్ళవాణ్ణి. ఆ రోజు నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత కూడా మాట్లాడలేదు. ఉద్యోగం, పెళ్ళి, మీరు, ఫ్లాటు, ఈ లోపు ఆయన వెళ్ళిపోయారు. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆ దూలం కిందనుంచే నడిచాను కదా, ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. ముప్పై ఏడేళ్ళుగా ఆ పలుపులు అక్కడ ఉన్నాయని నాయనమ్మకి మాత్రం తెలుసు. నా మీద కోపమా అమ్మా అని అడిగాను. "కోపమేటిరా, ఎడ్లు ఎటో పోయినా నువ్వొచ్చావు కదా" అని నా చెయ్యి పట్టుకుంది. ఎడ్ల పక్కన నిలబడి ఏడ్చేశాను. తమ్ముడు చూశాడు. వాడికీ అంతా చెప్పాను, దార్లో కార్లో. నీకు చెప్పకుండా ఉంచడం న్యాయం కాదని ఈ ఉత్తరం.

వెంటి చుట్ట మాకే ఇచ్చేశారు. ఇప్పుడు బాల్కనీలో నాయనమ్మ కుర్చీ పక్కనే ఉంది. ఈ రోజు పొద్దున పక్క ఫ్లాటు పిల్లలు వచ్చి ఇదేంటని అడిగితే వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. మీ అమ్మ ఇంకా గడ్డి ఎక్కడ దొరుకుతుందా అని వాకబు చేస్తోంది.

సంక్రాంతికి సెలవు ఒక రోజు ఎక్కువ పెట్టు. కనుమ నాడు మనం అందరం ఊరు వెళ్తున్నాం, నాయనమ్మ అప్పుడే ఒప్పేసుకుంది. ఇల్లు తాళం తీసి శుభ్రం చెయ్యాలి, ఆ దూలం దగ్గరకి నిచ్చెన కావాలి. నిచ్చెన ఎక్కేది నువ్వేనని తమ్ముడితో పందెం కాశాను. పాత చుడీదార్ ఒకటి తెచ్చుకో, బూజు బాగా ఉంటుంది.

ఇట్లు
మీ నాన్న